క్రుజేరో తిరిగొచ్చిన రాత్రి

2022 సెప్టెంబరులో సావో పాలో నుంచి బస్సెక్కి, దాదాపు 600 కిలోమీటర్ల దూరంలోని బెలో హొరిజాంటె చేరాను. అంత దూరం వెళ్లింది క్రుజేరో, వాస్కో క్లబ్బుల మధ్య జరిగే సెరీ బి మ్యాచ్ కోసం. బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో అది రెండో డివిజన్. అప్పట్లో 20 జట్లు 38 రౌండ్లు ఆడితే, మొదటి నాలుగు పైకి వెళ్లేవి, చివరి నాలుగు ఇంకా కిందికి జారేవి.

అంతకుముందే కంపినాస్ చూశాను. గ్వారానీ, పోంటి ప్రెటా ఆ ఊరి పాత ప్రత్యర్థులు. రెండింటి మైదానాల మధ్య దూరం నడిచి వెళ్లేంతే. గ్వారానీ 1978లో ఏకంగా దేశ విజేత. 2022లో మాత్రం రెండూ సెరీ బిలోనే ఉన్నాయి. రెండో డివిజన్ అంటే చిన్నచూపు ఎవరికైనా ఉంటే ఆ వీధుల్లో ఓ పూట తిరగాలి.

బెలో హొరిజాంటె క్లబ్బు క్రుజేరో కథ మరీ బాధాకరం. రెండుసార్లు దక్షిణ అమెరికా విజేతగా నిలిచిన ఈ క్లబ్బు, 2019లో తన చరిత్రలోనే తొలిసారి కిందికి పడిపోయింది. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. బకాయి తీర్చలేదని ఫిఫా 6 పాయింట్లు కోయడంతో మరుసటి సీజన్‌ను సున్నాకంటే దిగువన మొదలుపెట్టింది. 2021 చివర్లో, ఒకప్పుడు అదే చొక్కా వేసుకుని ఆడిన బ్రెజిల్ స్ట్రైకర్ రొనాల్డో క్లబ్బును కొనేందుకు ముందుకొచ్చాడు. ఉరుగ్వే కోచ్ పెజొలానో చేతిలో జట్టు మారిపోయింది.

బుధవారం రాత్రి, మినెయిరావ్ స్టేడియం. బయటే ఫెయిజావ్ త్రొపేరో తిన్నాను. ఉడికించిన చిక్కుడు గింజల్లో వెల్లుల్లి, ఆకుకూర, కరకరలాడే పంది చర్మం వేసి, కర్రపెండలం పిండి కలుపుతారు. పైన గుడ్డు. కర్రపెండలం అంటే మన గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం తీసే దుంపే. ఇక్కడ దాని పిండిని పొడిపొడిగా వేయించి, ప్రతి గింజకూ పట్టేలా కలిపారు. కడుపు నిండినా చెంచా ఆగలేదు.

లోపలంతా నీలిరంగు. పక్క సీటులోని పెద్దాయన చెప్పింది నా మిత్రుడు తర్జుమా చేశాడు: జట్టు దిగజారిన రోజునా ఆయన ఇక్కడే ఉన్నారట, ఆ తర్వాత కూడా రావడం మానలేదట. మూడో గోల్ పడగానే ఆయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. నా పేరు కూడా ఆయనకు తెలియదు. 3-0. ఇంకా ఏడు రౌండ్లు మిగిలి ఉండగానే క్రుజేరో పైడివిజన్‌కు చేరిపోయింది. ఎన్నో కప్పు ఫైనళ్లు చూశాను గానీ, మూడేళ్ల అవమానం ఇలా ఒక్కసారిగా తీరడం ఎక్కడా చూడలేదు.

ఓడిన వాస్కో అభిమానులకు మాత్రం నిరీక్షణ తప్పలేదు. నవంబరు 6న, చివరి రౌండులో, ఇటూ అనే ఊళ్లో 1-0తో నెగ్గి వాళ్లూ నాలుగో స్థానంలో గట్టెక్కారు. అప్పటికి నేను హైదరాబాదు వచ్చేశాను. అర్ధరాత్రి దాటాక మేలుకుని, ఆ మ్యాచ్ ఆఖరి నిమిషం దాకా చూశాను.