హైడ్రాలిక్స్ ల్యాబ్ సబ్‌రొటీన్లు

సివిల్ ఫైనలియర్‌లో మా టీమ్‌కి పడ్డ ప్రాజెక్టు వినడానికే చప్పగా ఉండేది. నీటి లెక్కల సూత్రాలన్నీ ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో సబ్‌రొటీన్లుగా, అంటే పిలిస్తే ఒక లెక్క చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములుగా రాసి ఒకచోట పెట్టాలి, తర్వాతి బ్యాచ్‌లు పిలుచుకుని వాడుకోవాలి. పక్క టీమ్‌కి బ్రిడ్జి డిజైన్ వచ్చింది, మాకేమో గుమాస్తా పని అని గొణుక్కున్నాం.

కాలవలో నీటి వేగం చెప్పే మ్యానింగ్ సూత్రం ఇట్టే అయిపోయింది. ప్రింటవుట్ చూసి మాస్టారు అడిగిన మొదటి మాట, "మీటర్లకా, అడుగులకా?" అడుగుల్లో అయితే ముందు 1.486 రావాలి. న్యూటన్ సూత్రం ఏ యూనిట్లలోనైనా నిలబడుతుంది. కాలవల దగ్గర కొలిచి రాబట్టిన సూత్రం అలా కాదు, యూనిట్లు దాని గుణకంలోనే దాక్కుంటాయి. సబ్‌రొటీన్ పేరులోనే రాద్దామంటే ఫోర్‌ట్రాన్ 77లో పేరుకి ఆరక్షరాలే! అందుకని కోడ్ పైన కామెంట్లు, అంటే చదివేవాళ్ల కోసం రాసే వివరణలు మొదలయ్యాయి.

అసలు పని, ఎంత పెద్ద వరద రావచ్చో అంచనా వేసే సూత్రాల దగ్గర పడింది. రైవ్స్ సూత్రం మద్రాసు ప్రెసిడెన్సీది. పరీవాహక వైశాల్యానికి 2/3 ఘాతం, ముందు సి అనే ఒక గుణకం. చదరపు కిలోమీటర్లు, సెకనుకి ఘనపు మీటర్లలో లెక్కిస్తే తీరానికి 80 కిలోమీటర్ల లోపు అది 6.8, కొండ ప్రాంతాల్లో 10.2. అదే సి చదరపు మైళ్లు, క్యూసెక్కుల్లో 450, 675 అవుతుంది. "ఏ సీమ సూత్రమో రాయకుండా కోడ్ రాయకండిరా" అని మాస్టారు పదేపదే అనేవారు. దాంతో ప్రాంతం కూడా అడిగి, నిజాం ఇలాకా అని చెబితే రైవ్స్ జవాబివ్వకుండా ఆగిపోయేలా చేశాం.

అక్కడికి వేరే సూత్రం ఉంది, నిజాంసాగర్ కట్టించిన ఇంజినీరు అలీ నవాజ్ జంగ్‌ది. నన్నడిగితే మొత్తం లైబ్రరీలో అందమైనది అదే, మొండిదీ అదే. దాని ఘాతంలోనే వైశాల్యం లాగరిథమ్ కూర్చుని ఉంటుంది, 14తో భాగించి తీసేయాలి. కాబట్టి యూనిట్లు మారితే సి ఒక్కటే మారిస్తే చాలదు, ఘాతమూ కదులుతుంది. పుస్తకాల్లో అది ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనిపించేది. తర్జనభర్జనల తర్వాత సూత్రాన్ని ముట్టుకోకుండా, చదరపు కిలోమీటర్లను ముందే 0.386తో గుణించి చదరపు మైళ్లలోకి మార్చేశాం. ఆ వరుస ఇప్పటికీ అలాగే ఉంది.

ఈమధ్య అంతా పైథాన్‌లోకి తెచ్చాను. రైవ్స్ లెక్క ఒక్క వరుస, దానిపైన కామెంట్ పేజీ నిండా. దాని కాపీ ఒకటి ఈ సంచిక సంపాదకుల దగ్గర ఉంచాను. పడమటి కనుమల వరదలకి వాడే ఇంగ్లిస్ సూత్రం ఇంకా చేర్చలేదు. పుణె వైపు స్థిరపడ్డ మనవాళ్లెవరైనా పూనుకుంటే బాగుంటుంది.