థార్ ఎడారిలో నలభై ఐదు మీద నడిపితే

"ఏటి బావా, ఇసక సూడ్డానికి అంత దూరం ఎల్లాలా? భావనపాడు ఎల్తే సరిపోద్ది కదా!" రాజస్థాన్‌లో థార్ ఎడారికి వెళ్తానంటే ఇదీ మా వాళ్ల వరస. ఉద్దానం వాళ్లకి ఇసుక కొత్త కాదన్నది నిజమే, మా సోంపేట వైపు జీడితోటల్లో బండి కూరుకుపోకుండా నడపడం మీసాలు రాకముందే వచ్చేస్తుంది. కానీ థార్ అంటే ఇసుక దిబ్బలే అనుకుంటే మాత్రం సగం కూడా చూడనట్టే.

విశాఖలో భగత్ కీ కోఠీ రైలెక్కి జోధ్‌పూర్ దగ్గర దిగి, జైసల్మేర్ వెళ్లి అక్కడ ఓ బుల్లెట్ అద్దెకు తీసుకున్నాను. కోట గురించి రాయను, 1156లో కట్టడం మొదలైన ఆ పసుపుపచ్చ కోట గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. సమ్ దిబ్బల గురించీ పెద్దగా రాయను. అక్కడంతా జీపుల మోత, డీజే, ఒంటె ఎక్కుతారా సార్ అని వెంటపడేవాళ్లు. తిరనాళ్లు కావాలంటే మనకి ఇంటి దగ్గరే బోలెడు ఉన్నాయి.

అసలు రోడ్డు రామ్‌గఢ్ మీదుగా పాకిస్తాన్ సరిహద్దు దగ్గరున్న తనోట్ వెళ్లేది. జైసల్మేర్ నుంచి దాదాపు 120 కిలోమీటర్లు. తిన్నగా, ఖాళీగా ఉంటుంది కాబట్టి చెయ్యి ఊరుకోదు, వంద కొట్టేద్దామనిపిస్తుంది. కొడితే ఏమీ కనపడదు, అంతా ఒకే గోధుమరంగు. నలభై ఐదు మీద పెట్టి ఊరికే వెళ్తుంటే ఆ నేల విడిపోయి కనిపిస్తుంది. కాసేపు గులకరాళ్ల మైదానం, కాసేపు గడ్డి దుబ్బులు, ఆ తర్వాతే దిబ్బలు. దారి పొడుగునా జిల్లేడు, రేగు కంపలు. అన్నీ మనకి తెలిసిన మొక్కలే!

ఒకచోట చెట్టు నీడ ఉందని ఆపితే అది జమ్మిచెట్టు. అక్కడ ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం అదే. బెరడు నెర్రెలిచ్చి గరుకుగా ఉంది, కొమ్మలు మేత కోసం నరికేసినట్టున్నారు, ఆ మోడుల దగ్గరే సన్నటి చిగుళ్లు. కింద ఓ మేక వెనక కాళ్ల మీద నిలబడి, మెడ సాగదీసి అందినంతవరకూ తింటోంది, నా బండి చప్పుడుకి చెవి కూడా ఆడించలేదు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో ఈ చెట్లను నరక్కుండా అడ్డుపడి 363 మంది బిష్ణోయీ సమాజం వాళ్లు ప్రాణాలిచ్చారు. మనం దసరా రోజు ఆకు తెంపుకుని మళ్లీ ఏడాది దాకా దాని మొహం చూడం. జైసల్మేర్‌లో ఏడాదంతా కలిపి పడే వాన సగటున 200 మిల్లీమీటర్ల లోపే, మన శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి దాటుతుంది. అంత తక్కువ వానలో ఆ చెట్టు వేరు లోపలికి దింపుకుని మేకకి మేత, మనిషికి కూర ఇస్తోంది. దాని ఎండు కాయలతో చేసే కేర్ సాంగ్రీ, సజ్జరొట్టె దారిలో ఓ ధాబాలో తిన్నాను. పులుపూ కారమూ బాగానే పట్టాయి, నూనె మాత్రం మనవాళ్ల ఆవకాయకి ఏమీ తీసిపోదు.

తనోట్ గుడిని చూసుకునేది బీఎస్ఎఫ్ జవాన్లు. 1965 యుద్ధంలో అక్కడ పడి పేలని బాంబులు ఇప్పటికీ లోపల పెట్టి ఉన్నాయి. అక్కణ్ణుంచి లోంగేవాలా వైపు రోడ్డు దిబ్బల మీద ఎక్కుతూ దిగుతూ పోతుంది, నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క అదే. గాలి లేచినప్పుడు సన్నటి ఇసుక పాములా రోడ్డు అడ్డంగా పాకుతుంది. కొన్నిచోట్ల సగం రోడ్డు ఇసుకే. అలాంటిచోట బ్రేక్ కొట్టకూడదు, బండి వంచకూడదు, ఒకటే యాక్సిలరేటర్ మీద తిన్నగా పోవాలి. ఇక్కడ మాత్రం మా జీడితోటల చదువు పనికొచ్చింది. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ టాంకులు కూరుకుపోయింది కూడా ఈ ఇసుకలోనే, తెల్లారాక మన విమానాలు వచ్చి వాటి పని పట్టాయి. ఆ టాంకులు కొన్ని ఇంకా అక్కడే ప్రదర్శనలో ఉన్నాయి.

వెళ్లాలనుకుంటే నవంబర్, ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. ఎడారి కదా అని పల్చటి చొక్కాతో దిగితే పొద్దున్న బండి మీద వేళ్లు కొంకర్లు పోతాయి, గ్లౌజులు తప్పనిసరి. పెట్రోలు జైసల్మేర్‌లోనే ఫుల్ చేయించండి. చైన్‌కి ఆయిల్ దండిగా పూయకండి, ఇసుకంతా దానికే అంటుకుని అరగదీసేస్తుంది. సాయంత్రం పొడిగుడ్డతో ఓసారి తుడుచుకుంటే చాలు.