విశాఖలో కొండకీ కడలికీ నడిచి వెళ్ళగల ఇల్లు

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఫ్లాటుకు ఒక ధర, అదే అపార్టుమెంటులో వెనకవైపు ఫ్లాటుకు మరో ధర ఉంటుంది. ఈ ఊళ్ళో ఇల్లు వెతుకుతున్నప్పుడు మేము ఆ తేడాను పట్టించుకోకూడదని ముందే అనుకున్నాము. ఎదుటి ఖాళీ స్థలంలో రేపు ఇంకో భవనం లేస్తే బాల్కనీలోని సముద్రం పోతుంది. కాళ్ళతో చేరగలిగే సముద్రం మాత్రం ఎక్కడికీ పోదు. అందువల్ల చూసిన ప్రతి ఇంటి దగ్గరా మేము వేసుకున్న ప్రశ్న ఒక్కటే: గుమ్మం దాటాక, బండి తీయకుండా, ఎంతసేపట్లో ఇసుక మీదికో చెట్ల నీడలోకో చేరగలము?

ఈ ప్రశ్నకు జవాబు ఊరి నైసర్గిక స్వరూపంలోనే ఉంది. ఉత్తరాన సింహాచలం నుంచి కైలాసగిరి దాకా ఒక కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, వాటి నడుమ గిన్నెలా పల్లంలో పాత ఊరు, పోర్టు, పరిశ్రమలు ఉన్నాయి. రెండువైపులా కొండలు ఉండడం వల్ల ఆ పల్లంలో పొగా ధూళీ త్వరగా చెదరిపోవు. అటువైపు అద్దెలు తక్కువగా దొరికినా, ఉదయపు నడక కోసం ఇల్లు మారేవాళ్ళకు అది తగిన చోటు కాదని నా అభిప్రాయం.

పాండురంగాపురం, చినవాల్తేరు వైపు ఉండేవాళ్ళకు బీచ్ రోడ్డు దాదాపు ఇంటి ముంగిలి. ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కనుక, డిసెంబరులో సముద్రం నడుమ లేచే సూర్యుడు జూన్ నాటికి కైలాసగిరి వైపుకు బాగా జరిగిపోతాడు. ఏడాది పొడుగునా రోజూ అదే చోట నిలబడి చూసేవాళ్ళకే దక్కే ఆనందం అది. అయితే ఉప్పు గాలికి కిటికీ గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్లు, గేటు బందులు త్వరగా తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు, సముద్రానికి ఎదురుగా పెద్దపెద్ద అద్దాలు పెట్టుకున్న ఇళ్ళు ఏమయ్యాయో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. సముద్రాన్ని ప్రేమించేవాళ్ళు కూడా రెండు వీధులు వెనక్కి జరిగి ఇల్లు తీసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే నడక నాలుగైదు నిమిషాలు పెరుగుతుందే తప్ప, గాలి ఉధృతి ముందు వరుస ఇళ్ళ మీదనే చాలావరకు విరిగిపోతుంది.

కొండా సముద్రమూ రెండూ కావాలనుకునేవాళ్ళు ముందుగా సింహాచలం గిరి ప్రదక్షిణ దారిని గుర్తు తెచ్చుకోవాలి. ఆషాఢ పౌర్ణమికి లక్షలాది భక్తులు కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర బయలుదేరి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి వచ్చే ఆ 32 కిలోమీటర్ల దారిలో, కొండ ఒడిలో ఉన్న కాలనీలన్నీ దాదాపుగా వచ్చేస్తాయి. భక్తితోనైనా, ఇల్లు వెతికే పనితోనైనా, ఆ దారిని కాలినడకన చూసినవాళ్ళకు ఏ మలుపులో గాలి మారుతుందో, ఎక్కడ చెట్లు దట్టంగా ఉన్నాయో, ఎక్కడ కొండను తవ్వేశారో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. అడవివరం, ముడసర్లోవల వైపు పచ్చదనం ఎక్కువ. పాతకాలపు జలాశయం, దాని ఒడ్డున పార్కు, శీతకాలం ఉదయాల్లో పక్షుల సందడి ఉన్నాయి. కాని మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వచ్చే చల్లగాలికి కొండ అడ్డు నిలుస్తుంది, మే నెలలో ఆ లోటు తెలుస్తుంది. ఆ కొండల వరుస సముద్రాన్ని తాకబోయే చోటు అప్పూఘర్, జోడుగుళ్ళపాలెం ప్రాంతం. ప్రదక్షిణ చేసేవాళ్ళలో చాలామంది అక్కడే సముద్రస్నానం చేస్తారు. మేము ఆ దగ్గరలోనే, విశాలాక్షినగర్ వైపు ఇల్లు తీసుకున్నాము. ఒక రోజు కైలాసగిరి మెట్లు, మరో రోజు ఇసుక, ఒంట్లో ఓపికను బట్టి ఎంచుకోవచ్చు. హుద్‌హుద్ కూల్చేసిన చెట్ల స్థానంలో పెరుగుతున్న పచ్చదనాన్ని దగ్గర నుంచి చూడడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

ఇక్కడ ఒక మాట మనసారా చెప్పాలి. కొండవాలును తొలిచి కట్టిన ఇల్లు ఎంత అందంగా కనిపించినా తీసుకోవద్దు. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్న ఖోండలైట్ రాయి ఎండకూ వానకూ తేలికగా శిథిలమై మెత్తబడే స్వభావం కలది. కొండ పాదాన్ని నిలువుగా కోసి ప్రహరీ కట్టిన చోట, అక్టోబరు, నవంబరు వానలకు నీరు దిగి మట్టి జారే ప్రమాదం ఉంటుంది. ప్రమాదం సంగతి అటుంచినా, కొండను చూడడానికి వచ్చి కొండనే కొరికి కాపురం పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎండాడ, రుషికొండ, మధురవాడ వైపు కొత్త ఇళ్ళు విరివిగా ఉన్నాయి. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, జాతీయ రహదారి పక్కనే కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. అయితే అభయారణ్యం పార్కు కాదు. టిక్కెట్టు తీసుకుని పగటివేళల్లో, అనుమతించిన దారుల్లోనే తిరగాలి. చిరుతలు తిరిగే అడవికి ఆ కట్టుబాటు ఉండవలసిందే. పైగా మధురవాడలో రహదారికి పడమరగా ఇల్లు తీసుకుంటే, సముద్రానికి వెళ్ళాలన్న ప్రతిసారీ ఆ వాహనాల ప్రవాహాన్ని దాటాలి, దానితో నడక కాస్తా ప్రయాణమవుతుంది. భీమిలి ప్రశాంతంగా, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుతో ఎంతో అందంగా ఉంటుంది. ఊళ్ళో ఉద్యోగం లేనివాళ్ళకు దానిని మించినది లేదు. అరకు దగ్గరన్న మాటను మాత్రం లెక్కలోకి తీసుకోనక్కరలేదు, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కే రైలు విశాఖలో ఎక్కడున్నవాళ్ళకైనా ఒక్కటే.

ఇల్లు ఖాయం చేసే ముందు మే నెల మధ్యాహ్నం ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి ఆ వీధిలో నడవండి. మూడోది ముఖ్యం, సెలవు రోజున బీచ్‌కు దారితీసే వీధులు బళ్ళతో నిండిపోతాయి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళు ఆ పూట గేటు దాటలేరు. మా వీధికి ఆ ఇబ్బంది లేదని ఇంటి యజమానిని అడిగి కాదు, మూల మీది కిరాణా కొట్టులో అడిగి తెలుసుకున్నాము.