గీజర్‌ని బాత్రూమ్ బయటికి తెచ్చాం

డిసెంబర్‌లో ఒక ఉదయం అమ్మ స్నానం చేసి వచ్చి, తలుపు పట్టుకుని అలాగే కూలబడిపోయింది. “తల దిమ్ముగా ఉందిరా, వాంతొచ్చేలా ఉంది” అంది. బీపీ చూస్తే మామూలుగానే ఉంది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 98. హమ్మయ్య అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాను. అలా ఊరుకోవడం నా తప్పు.

రెండు రోజులకి మళ్లీ అదే. ఈసారి డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళితే ఆవిడ మొదట అడిగింది, “బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందా?” అని. నా గుండె జారిపోయింది. విశాఖ ఎంవీపీ కాలనీలో మేమున్న అద్దె ఫ్లాట్ బాత్రూమ్ చాలా చిన్నది. చలి, దోమలు అని దాని వెంటిలేటర్ అద్దాల మీద ప్లాస్టిక్ షీట్ పెట్టి టేపు వేసింది నేనే.

సరిపడా గాలి అందకుండా గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని ఆవిడ చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటుని అది ఆక్రమిస్తుంది. దాని పట్టు ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైనే. మామూలు ఆక్సీమీటర్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు, అందుకే ఆ 98. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే ఆ వాసన కావాలని కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఇంకోసారి అలా అనిపిస్తే వెంటనే ఆరుబయటికి తెచ్చి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మన్నారు.

మెకానిక్ వచ్చి గీజర్ మూత తీశాడు. సముద్రపు గాలికి బర్నర్ తుప్పు పట్టి, కన్నాలు సగం పూడిపోయాయి. నీలంగా ఉండాల్సిన మంట కొసల్లో పసుపు పచ్చగా ఊగుతోంది. “వెంటిలేటర్ మూసేసి వాడుతున్నారేటండీ!” అన్నాడు.

షీట్ పీకేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే చాలనుకున్నాను. పెట్టించాక గీజర్ వెలిగించకుండా తలుపు మూసి, ఒక అగరొత్తి పట్టుకుని చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది గానీ పొగ అక్కడక్కడే సుడి తిరుగుతోంది. లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి లాగుతుంది? వడ్రంగి చేత తలుపు అడుగున జాలీ వేయించాక, పొగ తాడులా సాగి ఫ్యాన్ వైపు వెళ్లింది.

అయినా అమ్మ లోపల స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి పిలుస్తూనే ఉన్నాను. ఆ టెన్షన్‌తో ఎన్నాళ్లు? గీజర్‌ని వాష్ ఏరియాలోకి మార్చేద్దామని నిర్ణయించుకున్నాను. ఓనర్ గారు టైల్స్ పగులుతాయని మొదట ఒప్పుకోలేదు. అమ్మ సంగతి చెప్పాక ఆయనే వచ్చి, పైపుకి కన్నం ఎక్కడ వేయాలో చూపించారు. వాష్ ఏరియాకి వాన కోసం బిగించిన స్లైడింగ్ అద్దాల్లో ఒకటి తీసేసి మెష్ కొట్టించాం, లేకపోతే అదీ ఇంకో బాత్రూమే అవుతుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పేరుకుంటుంది కాబట్టి అడుగున కూడా ఒక జాలీ పెట్టించాం.

వేడి నీళ్లు ఇప్పుడు కాస్త ఆలస్యంగా వస్తాయి. అమ్మ స్నానానికి వెళ్తే నేను హాల్లోనే కూర్చుంటున్నాను. మా పైన నాలుగు ఫ్లాట్లకీ ఇదే ప్లాను. నిన్న అగరొత్తుల కట్ట పట్టుకుని పై ఇంటి పిన్నిగారి తలుపు కొట్టాను. ఆదివారం వడ్రంగి వాళ్లింటికి వస్తున్నాడు.