ముట్లుడిగిన ఐదేళ్లకు మళ్లీ కనిపించిన మరక

నాకు 51వ ఏట నెలసరి ఆగిపోయింది. వరుసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్లే కనుక, ఏడాది నిండాక ఇక ఆ బెడద తీరిందనుకున్నాను. అందుచేత ఐదేళ్ల తరువాత ఒక ఉదయం లోదుస్తులపై చిటికెన వేలి గోరంత మరక కనిపించినప్పుడు వేడి చేసిందని సరిపెట్టుకున్నాను. నెల తిరగకుండానే మళ్లీ కనిపించింది, ఈసారి ఎర్రగా. అయినా, ఈ వయసులో ఈ మాట ఎవరితో చెప్పుకోవాలన్న సిగ్గుతో మరో మూడు వారాలు ఊరకున్నాను. ఆ జాప్యాన్ని నేనిప్పటికీ క్షమించుకోలేను.

మెనోపాజ్ తరువాత చుక్క రక్తం కనిపించినా పరీక్ష తప్పదని డాక్టరుగారు మొదటే చెప్పారు. ఇలా వచ్చిన నూరుమందిలో సుమారు తొమ్మిదిమందికే గర్భాశయ క్యాన్సర్ ఉంటుందని, ఎక్కువమందిలో గర్భాశయం లోపలి పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగటమో కారణమని ఆవిడ వివరిస్తూంటే, నాకు మాత్రం ఆ తొమ్మిదిమంది తప్ప ఇంకెవరూ వినపడలేదు. హార్మోన్లు, రక్తం పలచబడే మందులు, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతున్నానా అని అడిగి, గర్భాశయ ముఖద్వారాన్ని చూసి, యోని ద్వారా చేసే స్కానింగ్‌కు పంపారు. పొర మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే సాధారణంగా భయం లేదట. నాకు 9 వచ్చింది.

సన్నని గొట్టంతో లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఒక నిమిషంపాటు పొత్తికడుపు మెలిపెట్టినట్లయింది, అంతే. పది రోజుల తరువాత వచ్చిన రిపోర్టులో "కణజాలం చాలినంత లేదు" అని ఉంది. క్యాన్సర్ అన్న మాట లేదు కదా అని నేను లేవబోతుంటే, "చాలలేదంటే బాగుందని కాదమ్మా, మనకింకా ఏమీ తెలియలేదని" అంటూ ఆవిడ నన్ను కూర్చోబెట్టారు. ఆ మాట అనకపోతే నేను అక్కడితో ఆపేసి ఉండేదాన్ని.

మత్తు ఇచ్చి, గర్భాశయంలోకి సన్నని కెమెరా పంపి చూసే హిస్టెరోస్కోపీ చేశారు. కెమెరాలో కనిపించిన పాలిప్‌ను అప్పుడే తొలగించి, సాయంత్రానికి ఇంటికి పంపించారు. అది క్యాన్సర్ కాదని పరీక్షలో తేలింది. మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఈ రిపోర్టును నమ్ముకుని కూర్చోవద్దని, వెంటనే రమ్మని చెప్పారు.

చివరిసారి వెళ్లినప్పుడు, మూత్రం పోసేటప్పుడు మంట ఉందా అని ఆవిడే అడిగారు. రెండేళ్లుగా ఉన్నదే, వయసు వల్లనుకున్నాను. ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి యోని పొడిబారడమే కారణమని చెప్పి, తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమును రెండు వారాలు రోజూ రాత్రి, తరువాత వారానికి రెండుసార్లు వాడమన్నారు. రెండు నెలలకు మంట తగ్గింది.