విప్పడం ఐదు నిమిషాలు, బిగించడం రెండు రోజులు: నా కాఫీ గ్రైండరు కథ

మూడు రోజులుగా నా చేతులకు కాఫీ నూనె వాసన వదలడం లేదు. అయితేనేం, ఈ ఉదయం 18 గ్రాముల పొడికి 36 గ్రాముల ఎస్ప్రెస్సో, అంటే యంత్రం ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ, 28 సెకన్లలో దిగింది. వరుసగా నాలుగో కప్పు ఇలా దిగడం. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

గ్రైండరులో పొడి మెత్తదనం చూపే అంకె మార్చకుండా ఉంచినా ఒక రోజు కాఫీ 15 సెకన్లలో నీళ్లలా కారిపోయేది, మర్నాడు 40 సెకన్లు దాటినా చుక్కలుగా పడేది. పైగా ముక్కిన నూనె వాసన. ఇక లాభం లేదని ప్లగ్గు పీకి, గింజలు పోసే గిన్నె తీసేసి, పై బర్‌ను పట్టి ఉంచే ఇత్తడి కంకణాన్ని ఎడమవైపు తిప్పుతూ బయటికి తీశాను. బర్ అంటే గింజను నలిపే పళ్ల చక్రం. నా గ్రైండరులో రెండు బల్లపరుపు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. కిందిది తిరుగుతుంది, పైది కదలదు. మధ్య సందు ఎంత తగ్గితే పొడి అంత మెత్తన. పొడి బయటికి వచ్చే దారి మూలల్లో పాత పొడి నల్లటి జిడ్డు మట్టిలా పేరుకుని ఉంది. రోజూ తాజా పొడిలో కలుస్తున్నది అదే. గట్టి బ్రష్షు, ఒక పుల్ల, వాక్యూమ్ క్లీనరు సరిపోయాయి. ఉక్కు బర్‌లను నీళ్లతో కడగకండి, తుప్పు పడతాయి. బియ్యం పోసి తిప్పితే శుభ్రమవుతుందనే మహానుభావులు ఉంటారు. వేయించిన కాఫీ గింజ కంటే బియ్యపుగింజ గట్టిది. మోటారు మీద భారం పడుతుంది, పిండి లోపలే ఉండిపోతుంది. వాళ్ల మాట వినకండి.

అసలు కథ బిగించేటప్పుడు మొదలైంది. ఆ ఇత్తడి కంకణానికి మరలు చాలా సన్నం. పెట్టి కుడివైపు తిప్పితే అర చుట్టుకే బిగుసుకుంది. తీసి మళ్లీ పెట్టాను, ఈసారి ముప్పావు చుట్టు. ఓపిక ఉన్నవాడు అక్కడ ఆగి కారణం చూస్తాడు. నేను పట్టకారు తెచ్చాను. కిర్రుమని చప్పుడైంది. పచ్చటి ఇత్తడి పీచు ఒకటి, వెంట్రుకంత సన్నంగా, మెలికలు తిరిగి అంచు మీదికి లేచింది.

రిపేరు దుకాణానికి మోసుకెళ్లాను. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని నలుగురి ముందూ అడిగాడు ఆయన. "ఇంట్లో పిల్లలండీ" అన్నాను. నాకు పిల్లలు లేరు. ఆయన కంకణం మీది గాట్లను బొటనవేలితో తడిమి, "పట్టకారు గట్టిగానే పడతారు సార్ మీ పిల్లలు" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నేను బ్రష్షు పెట్టకుండా వదిలేసిన మరల్లోంచి సూదితో పొడి గీకి, ఆ పీచును తుంచి, పది క్షణాల్లో కంకణం దించేశాడు. ఎలా చేశారండీ అంటే, "చేయి తిరగాలి సార్" అని ఊరుకున్నాడు. డబ్బు తీసుకున్నవాడికి ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది? కానీ నేను చూశాను. తిప్పే ముందు ఆయన చేయి వెనక్కి కదిలింది.

ఇంటికొచ్చి ఇరవై సార్లు విప్పి బిగించాను. ఆయన దాచుకున్నది నేను చెప్పేస్తున్నాను. కంకణాన్ని సమంగా కూర్చోబెట్టి, ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపే, మెల్లగా తిప్పండి. ఒకచోట అది టక్కుమని వెంట్రుకవాసి కిందికి జారుతుంది. మర మొదలు అక్కడే. అక్కడి నుంచి రెండు వేళ్లతో కుడివైపు తిప్పాలి. మూడో వేలు సాయం కావాల్సి వస్తే తీసి మళ్లీ పెట్టండి.

ఆ అవమానం కసిగా మారి, ఆయన కూడా చేయని పని ఒకటి చేశాను. పై బర్ బయటి అంచుకు తెల్లబోర్డు మార్కరు పూసి, రెండు బర్‌లూ ఒకదానికొకటి తగిలీ తగలనంతగా దించి, కిందిదాన్ని చేత్తో తిప్పాను. మోటారు మాత్రం వేయకూడదు. విప్పి చూస్తే సిరా ఒక పక్కనే చెరిగింది. అంటే చక్రం ఒరిగి ఉంది. ఒక పక్క సందు ఎక్కువ, మరో పక్క తక్కువ. ఇక పొడి సమంగా ఎలా వస్తుంది? సిరా చెరగని వైపు, పై బర్ వెనక, అంటే పళ్లు లేని పక్క, వంటింటి అల్యూమినియం రేకు ముక్క పెట్టాను. రెండు పొరలు పెడితే ఒరుగు అటు మారింది. ఒక్క పొరతో చుట్టూ చెరిగింది. బర్‌ను పట్టి ఉంచే మూడు స్క్రూలనూ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించాలి, లేకపోతే రేకు పెట్టినా వృథాయే. ఆ తర్వాత పాత అంకెలను నమ్మకండి. బర్‌లు తగిలేచోటు మారుతుంది కనుక అక్కడ కొత్త గుర్తు పెట్టుకోండి.

గింజల మీద ఒక చుక్క నీళ్లు చిలకరిస్తే పొడి ఎగిరి గోడలకు అంటుకోదు. ఇది మాత్రం నాకు ముందే తెలుసు.

నిన్న చెల్లెలు వచ్చి కంకణం మీద ఆ గాట్లేమిటని అడిగింది. కొన్నప్పుడే ఉన్నాయన్నాను.