కోల్డ్ స్టోరేజీల ఎక్సెల్ షీట్లు, మధ్యలో పైథాన్: నా అనుభవం

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. రైతుల సరుకు మా ఖాతాలో చాలా కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. నెల తిరిగేసరికి ఒక్కో స్టోరేజీ నుంచి ఒక్కో ఎక్సెల్ షీటు వస్తుంది. లాటు నంబరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), లోపల పెట్టిన తేదీ ఉంటాయి. అన్నిటినీ కలిపి మా పుస్తకంతో సరిచూసి, ఎక్కడ తేడా ఉందో షావుకారు గారికి చెప్పాలి. ఒక షీటులోని వివరాన్ని ఇంకో షీటులో వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో లాగుతూ వచ్చాను కానీ సీజన్‌లో ఆ పని మొదలుపెడితే అర్ధరాత్రి దాటేది. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నాను.

ఈ మాత్రానికి పైథాన్ ఎందుకు, ఫైళ్లను కలపడానికి ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీ చాలదా అని అడిగేవాళ్లుంటారు. షీట్లన్నీ ఒకే తీరులో ఉంటే చాలు, నిజమే. ఫోల్డర్ చూపిస్తే అదే కలిపి పెడుతుంది. మాకు వచ్చేవి అలా ఉండవు. ఒకే మిర్చి రకాన్ని ఒకరు తేజ అని రాస్తారు, ఇంకొకరు ఎస్17 అంటారు. ఒకరి హెడ్డింగ్ మొదటి వరసలో ఉంటుంది, ఇంకొకరిది స్టోరేజీ పేరు, అడ్రసు అన్నీ అయ్యాక ఐదో వరసలో. 2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ లోపలే పైథాన్ ఇస్తున్నట్టు ప్రకటించింది. అయితే అది నడిచేది వాళ్ల క్లౌడ్‌లో. మన కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను అది నేరుగా తెరవలేదు. కాబట్టి మామూలు పైథాన్, దానిలో పట్టికలతో పనిచేసే పాండాస్, ఎక్సెల్ ఫైళ్లను చదివి రాసే ఓపెన్‌పైఎక్సెల్, ఈ మూడే పెట్టుకున్నాను.

ఫైళ్లన్నీ చదివి ఒకదాని కింద ఒకటి పేర్చడం పది లైన్ల పని. అసలు తిప్పలు లాటు నంబర్ల దగ్గర వచ్చాయి.

మా దగ్గర లాటును స్లాష్ పెట్టి రాస్తారు. 5/8 అంటే ఐదో లాటు, ఎనిమిది టిక్కీలు. ఎక్సెల్‌లో అలా కొట్టి ఎంటర్ నొక్కగానే అది ఆగస్టు 5 అయిపోతుంది. 2024లో కొట్టిన ఆ గడిని టెక్స్ట్‌గా మార్చి చూస్తే 45509 అని కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీలను 1900 నుంచి లెక్కపెట్టిన రోజులుగా దాచుకుంటుంది. 8/60 అని కొడితే ఇంకా వింత, 1960 ఆగస్టు 1 అవుతుంది. అన్నీ స్ట్రింగ్‌గా, అంటే టెక్స్ట్‌గా చదవమని పాండాస్‌కు చెప్పినా లాభం లేదు. గడిలో ఉన్నదే తేదీ అయినప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది?

దారి పక్క కాలమ్‌లోనే దొరికింది. టిక్కీల సంఖ్య విడిగా ఉంది కదా. లాటు గడిలో తేదీ కనిపిస్తే, అందులోని రోజు, నెల, సంవత్సరం చివరి రెండంకెల్లో టిక్కీలతో కలిసేది ఏదో కోడ్ చూస్తుంది. టిక్కీలు 8 అయితే నెలగా కనిపించే 8 టిక్కీలే, మిగిలిన 5 లాటు నంబరు. ఆ స్టోరేజీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చదివేదైనా ఇదే తర్కం పనిచేస్తుంది. దేనితోనూ కలవకపోతే ఆ వరసను విడిగా ఒక షీట్‌లో పడేస్తుంది, ఫోన్ చేసి అడుగుతాను. ఈ చిన్న ఫంక్షన్ పనిచేసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

తేదీల కాలమ్‌లోనూ ఇదే గోల. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 13-04-2024 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా ఉండిపోయి గడిలో ఎడమకు జరుగుతుంది. 03-04-2024 మాత్రం చప్పుడు లేకుండా మార్చి 4 అయి కుడివైపు కూర్చుంటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉంటే అనుమానించాల్సిందే.

పుస్తకంతో పోల్చడం మాత్రం హాయి. స్టోరేజీ కోడ్, లాటు నంబరు రెండూ కలిపి, వరసలను జత చేసే కీగా పెట్టాను. రైతు పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, వాటిని నమ్మకూడదు. రెండు పట్టికలను జత చేసే పాండాస్ మెర్జ్‌లో ఔటర్ అని, ఇండికేటర్ ఆన్ చేస్తే ప్రతి వరస పక్కన అది రెండు చోట్లా ఉందా, మన దగ్గరే ఉందా, వాళ్ల దగ్గరే ఉందా అని రాసి ఇస్తుంది. వాలిడేట్‌లో వన్ టు వన్ అని, అంటే ఒక లాటుకు ఒక్కటే జత ఉండాలని పెట్టడం మరవకండి. లేకపోతే ఎక్కడో ఒక లాటు రెండుసార్లు ఎక్కి ఉంటే, టిక్కీలు రెట్టింపై మొత్తాలు పెరుగుతాయి, ఎర్రర్ కూడా రాదు.

చివరికి అంతా మళ్లీ ఎక్సెల్‌లోకే వెళ్లాలి. షావుకారు గారు "ఏమయ్యా, ఆ నల్ల స్క్రీన్ నాకొద్దు, పసుపు హెడ్డింగ్ ఉన్న పాత షీటే ఇవ్వు" అన్నారు. అందుకని పాత షీటునే ఓపెన్‌పైఎక్సెల్‌తో తెరిచి, రంగులు కదలకుండా గడుల్లో అంకెలు నింపుతున్నాను. ఒక సంగతి, అది ఫార్ములాను రాస్తుంది గానీ లెక్క కట్టదు. ఆ ఫైలును ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసేదాకా పాండాస్‌కు ఆ గడులు ఖాళీగానే కనిపిస్తాయి. మొత్తాలు పైథాన్‌లోనే కట్టి అంకెలుగా రాసేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు కలపడం, సరిచూడడం టీ తాగేలోపు అవుతుంది. ఒక స్టోరేజీ వాళ్లు మాత్రం ఇంకా రిజిస్టర్ పేజీలను ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. వాటిని చూసి నేనే టైప్ చేసుకుంటాను, లాటు కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి పెట్టుకుని.